సంగటి మీద బెంగ

మా అనంతపురం జిల్లా ఆడవాళ్లు ఏ ఊళ్లో కలుసుకున్నా సరే, పిల్లల చదువులూ మోకాళ్ల నొప్పులూ అయిపోయాక మాట తిరిగి తిరిగి తిండి మీదికే వస్తుంది. పెళ్లిపందిట్లో కానివ్వండి, ఆస్పత్రి వరండాలో కానివ్వండి, "మీదే ఊరమ్మా?" అన్నదానికి తాడిపత్రి అనో, కదిరి అనో, కల్యాణదుర్గం అనో జవాబు వచ్చిందంటే చాలు, అరగంటలోపు ఉగ్గాని వచ్చి మా మధ్య కూర్చుంటుంది. ఉగ్గాని ఎరగని కోస్తా వదినలకోసం ఒక్క మాట: మీరు మరమరాలనే వాటిని మేం బొరుగులంటాం. వాటిని నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో కలిపి, పైన పుట్నాలపప్పు పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే దానికి మర్యాద జరగనట్టే.

ఆ వెనకే చెనిక్కాయల ఊరిబిండి, చింతచిగురు పప్పు, అలసంద వడలు వరసగా వచ్చి, చిట్టచివరికి రాగిసంగటి వస్తుంది. సంగటి దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. "ఆ రుచి ఇప్పుడు యాడొస్తుందక్కా!" అంటారు. అందరం తలలూపుతాం.

ఈ మధ్య ఆ తల ఊపడం దగ్గరే నాకొక సందేహం పట్టుకుంది. ఈ బెంగ న్యాయమైనదేనా అని. బెంగకి న్యాయమేమిటి, అన్యాయమేమిటి, అదేమన్నా ఆస్తి తగాదానా అని మీరు నవ్వవచ్చు. నవ్వండి గాని, కాసేపు నాతో రండి.

మొదట మన ఇళ్లలో చూద్దాం. మగవాళ్ల బెంగకి ఒక సౌకర్యం ఉంది. వాళ్లు బెంగపడితే చాలు, తీర్చే మనిషి వేరే ఉంటుంది. "మా అమ్మ రోట్లో రుబ్బేది, ఆ రుచి మిక్సీకి రాదు" అనేవాళ్లని బోలెడుమందిని చూశాను. అన్నవాళ్లలో ఒక్కరైనా రోలు ముందు కూర్చున్నవాళ్లు మాత్రం నాకింతవరకు తగల్లేదు. కొర్రబువ్వ అంటే నోరూరుతుంది, బాగానే ఉంది. కాని కొర్రలు చేలోంచి వచ్చి అలాగే ఎసట్లో దూకేవి కావు. దంచాలి, చెరగాలి, పొట్టు పోలేదని మళ్లీ దంచాలి. రాగులయితే కోడి కూయకముందే ఇద్దరు ఆడవాళ్లు ఇసుర్రాయికి అటూ ఇటూ కూర్చుని విసరాలి. ఆ పిండిని మరిగే నూకల్లో పోసి, కుండ కదలకుండా అదిమిపట్టి, రెండు చేతులా కట్టెతో కెలకాలి. ఒక్క ఉండ కట్టిందా, ఇంటిల్లిపాదీ మాట అనేవాళ్లే. ఇంత చేసిన మనిషి అందరూ లేచాక కుండ అడుగున మిగిలింది గోక్కుని తినేది. పండగనాడు ఓలిగలు చేసిన ఆవిడ తన ఓలిగ ఎప్పుడు తిన్నదో మీరెప్పుడైనా చూశారా? (ఓలిగలంటే బొబ్బట్లే. మాకు కన్నడం పొరుగు గదా, పేరూ అటునుంచే వచ్చింది.)

కాబట్టి "అమ్మ చేతి వంట" అని ఎవరైనా కళ్లు మూసుకుని అన్నప్పుడు, ఆ చేతికి కాసిన కాయలు కూడా వాళ్లకి గుర్తున్నాయా అని అడగాలనిపిస్తుంది. అడగను. పండగపూట ఎందుకులే అని ఊరుకుంటాను.

అయితే ఈ ఇంటి లెక్క కన్నా పెద్ద లెక్క ఇంకొకటి ఉంది. అది మా నేల లెక్క. మా జిల్లా ఉన్నచోటే చిత్రమైంది. నైరుతి నుంచి వచ్చే మబ్బుని పడమటి కనుమలు ముందే పిండేసుకుంటాయి. ఈశాన్యం నుంచి వచ్చేది తూర్పుతీరంలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. రెండు విస్తళ్లూ అయ్యాక మిగిలిన అడుగూబొడుగూ మాకు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వచ్చిననాడు వచ్చినట్టు. 1882లో బళ్లారి జిల్లాలోంచి విడదీసి అనంతపురాన్ని వేరే జిల్లా చేశారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1876 నుంచి 1878 దాకా, ధాత కరువు ఈ సీమనంతా తుడిచిపెట్టి వెళ్లింది. ధాత నామ సంవత్సరంలో మొదలయింది గనక దానికా పేరు. మనుషులు బిడ్డలకి పేర్లు పెట్టుకున్నట్టు మావాళ్లు కరువులకి పేర్లు పెట్టుకున్నారు. 2022లో జిల్లాని మళ్లీ రెండు చేసి ఒకదానికి శ్రీ సత్యసాయి జిల్లా అన్నారు గాని, ఆ సరిహద్దు గీత మబ్బుకి కనపడదు.

1950ల మొదట్లో వచ్చిన కరువులో గంజి కేంద్రాలు పెట్టారు. మా అవ్వ చెంబు పట్టుకుని ఆ వరసలో నిలబడ్డ మనిషి. మిగతా విషయాలన్నీ కథలు కథలుగా చెప్పేది గాని, ఆ వరస గురించి అడిగితే మాత్రం "ఉండిందిలే" అని లేచి పోయేది.

ఇక బియ్యం. వరి పండాలంటే చెరువు నిండాలి. బుక్కరాయసముద్రం, ధర్మవరం, బుక్కపట్నం లాంటి పెద్ద చెరువుల కింద ఉన్నవాళ్ల మాట వేరు. మెట్ట ఊళ్లలో వరిబువ్వ అంటే పండగ, పెళ్లి, లేదంటే జ్వరం. జ్వరం వస్తే పత్యానికి బియ్యం పెడతారని పిల్లలు జ్వరం కోసం ఎదురుచూసేవాళ్లట! మా అమ్మ చెప్పేది, తనూ ఎదురుచూసిందట. తతిమ్మా రోజులన్నీ సంగటి, కొర్రలు, సజ్జరొట్టె, జొన్నరొట్టె. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. ఆ పథకం మీద ఎవరి అభిప్రాయాలు వాళ్లకుండవచ్చు గాని, దయచేసి మా అమ్మ ముందు చెప్పకండి. మామూలు మంగళవారం నాడు, ఏ పండగా లేకుండా, ఒంట్లో జ్వరమూ లేకుండా తెల్లటి అన్నం తినడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు.

మా అన్న బెంగళూరులో ఉంటాడు. అక్కడ రాగిముద్దకి లోటేమిటి, కాని వాడికి మన సంగటే కావాలి. పోయినేడు అమ్మ వెళ్లినప్పుడు, సీమ వంటలు పెడతారని పేరున్న హోటలుకి సంబరంగా తీసుకుపోయాడు. అరిటాకు మీద సంగటి ముద్ద, దాని నెత్తిన గుంట, గుంటలో నెయ్యి. అమ్మ దాన్ని చూసి వడ్డించేవాణ్ణి పిలిచింది.

"నాయనా, ఇంత బువ్వ ఉంటే పెట్టు."

అన్న నోరు తెరిచాడు. "అదేందిమా, సంగటి నీకు ఇష్టం గదా!"

"ఎవరు జెప్పినారు?"

"రోజూ తింటాంటివి గదమా."

"ఇష్టమై తింటిమా, లేక తింటిమి" అంది అమ్మ. అని తృప్తిగా పప్పూ అన్నం కలుపుకుంది.

ఆ మాట విన్నప్పటినుంచీ, "ఆకలి రుచెరుగదు" అన్న సామెత నాకు కొత్తగా వినిపిస్తోంది. ఆకలిగా ఉన్నప్పుడు ఏదైనా రుచిగానే ఉంటుందని మనం దాన్ని సర్దుకుని వాడుకుంటాం. సామెత అలా చెప్పడం లేదు, సరిగ్గా చూడండి. ఆకలికి రుచి సంగతే తెలియదంటోంది. అంటే సంగటి రుచి కనిపెట్టింది నేనూ మా అన్నాను, కడుపు నిండినవాళ్లం. ఎప్పుడో సెలవలకి అవ్వ ఊరికి వెళ్లి నాలుగు రోజులు తిన్నవాళ్లం. ఏడాదికి మూడువందల రోజులు తిన్న అమ్మకి అది రుచి లెక్కలోకే రాలేదు. మరి "మన సంగటి", "మన పెద్దల తిండి" అని మేం బెంగపడేది ఎవరి తిండి మీద? ఆ పెద్దలు ఎప్పుడు తప్పించుకుంటామా అని చూసిన తిండి మీదా?

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపించింది. కొర్రలు అందమైన సంచుల్లోకి ఎక్కి, సన్నబియ్యాన్ని తలదన్నే ధర పలుకుతున్నాయి. మంచిదే, ఆ పంటలు మా నేలకి తగినవి, తక్కువ నీళ్లతో పండుతాయి. రైతుకి నాలుగు డబ్బులు వస్తే అంతకన్నా ఏం కావాలి. కాని అమ్మకి చక్కెర జబ్బు పైకి తేలి, డాక్టరుగారు బియ్యం తగ్గించి కొర్రలు, రాగులు తినమన్న రోజున ఆవిడ ముఖం చూడాల్సింది. "కడాకు మళ్లా దీనికే వచ్చిందా!" అంది. తింటోందనుకోండి. మాత్ర వేసుకున్నట్టు తింటోంది.

అయితే ఇక్కడ ఆగిపోతే ఇంకో పొరపాటు మాట అన్నట్టవుతుంది. లేనివాళ్లకి రుచి తెలియదు, బెంగ ఉండదు, అవన్నీ కలిగినవాళ్ల విలాసాలు అన్నట్టు. అది అంతకన్నా అన్యాయం. మా అమ్మకీ బెంగ ఉంది, అది మాది కాదు, అంతే. చెనిక్కాయ చెట్టు పీకి, అక్కడే చేలో ఇంత చెత్త అంటించి కాల్చుకుని, మసి మూతితో తిన్న పచ్చికాయల గురించి చెప్పమనండి, పొద్దు గూకినా ఆపదు. పాలు పోసుకున్న సజ్జకంకి కాల్చి అరచేతుల్లో నలిపి ఊదుకుని తినడం, గుట్టల్లో రేగిపండ్లు, బలుసుపండ్లు, కళ్లు విచ్చిన సీతాఫలాలు తెచ్చి గడ్డిలో మాగేసుకుని, అన్నలకి తెలియకుండా లెక్కపెట్టుకోవడం. ఇవన్నీ ఎవరూ వడ్డించినవి కావు. వంతులేదు, వరసలేదు, ముందు మగవాళ్లు తినాలన్న నియమం లేదు. తన చేత్తో తాను తీసుకుని తిన్నవి. ఎప్పుడైనా సరే అమ్మ బెంగపడేది వీటిమీదే. సంగటి అయితే వేరే దారి లేక తిన్నది. రెండూ ఆ నేలలోంచి వచ్చినవే, రెండూ ఆ ఇంటి తిండే. కాని ఒకదాన్ని తలుచుకుంటే ముఖం వెలుగుతుంది, ఇంకోదాన్ని చూస్తే బువ్వ అడుగుతుంది. నాకు తెలిసి మన బెంగల్ని తూచుకోవడానికి ఇంతకన్నా మంచి తరాజు లేదు.

(మాటల్లో మాట, ఆ చెనిక్కాయ కూడా మా పురాతన సొత్తేం కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక ఉన్న చేలని పోయిన శతాబ్దంలో కొంచెం కొంచెంగా తోసేసి, చివరికి సాగునేలలో సగానికి పైగా తానే పరుచుకుంది. వాన ముఖం చాటేసిన ఏడు రైతునీ అదే ముంచింది. మిరపకాయా అంతే, సముద్రాలు దాటి వచ్చిందే. అవి రెండూ లేని ఊరిబిండి ఎలా ఉండేదో అవ్వల అవ్వలకే తెలియాలి.)

పండగల దగ్గరికి వస్తే ఈ తూకం ఇంకా కష్టమవుతుంది. ఉగాది మాకు పెద్ద పండగ. ఓలిగలు చేయడానికి బ్యాళ్లు ఉడికించిన నీళ్లని పారబొయ్యరు. అందులో చింతపండు, కాస్త పూర్ణం, కారం వేసి పోపు పెడతారు. ఆ ఓలిగల చారు ముందు ఓలిగలే తీసికట్టు. నీళ్లచుక్క వృథా చెయ్యని ఇల్లాలి చేతిలో పుట్టిన వంట అది. సాయంత్రం గుళ్లో పంచాంగం చదివేవాళ్లు. ఆదాయ వ్యయాలప్పుడు ఆవలించే మా ఊరి పెద్దలు, వాన మాట రాగానే నిటారుగా కూర్చునేవాళ్లు. ఈ ఏడు ఇన్ని తూముల వాన, అందులో సముద్రంలో ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని పాళ్లు, భూమి మీద ఇన్ని పాళ్లు అని అయ్యవారు చదివేవారు. భూమికి వచ్చేది ఎప్పుడూ చిన్న పాలే. "ఆ భూమిలో మన్ది ఎంతో!" అని వెనకనుంచి ఎవరో అనేవారు, అందరూ నవ్వేవారు. నవ్వుతూనే లేచి ఇళ్లకి పోయేవారు.

ఈ ఉగాదిని నేను నిక్షేపంగా కోరుకుంటాను. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండగనీ కోరుకుంటాను. మొహర్రం ఏటికేడు పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ జాతర కొన్నేళ్లు ఎండలో, కొన్నేళ్లు వానల్లో వస్తుంది. ఎప్పుడొచ్చినా హిందువులూ ముస్లిములూ కలిసే చక్కెర చదివింపులకు నిలబడతారు, కలిసే అగ్నిగుండం చుట్టూ చేరతారు. చదివించిన చక్కెర ఇంత నోట్లో వేసుకుని ఊరికి తిరిగి వస్తాం. ఇందులో ఎవరి ఆకలీ పెట్టుబడి లేదు.

మరి వరదపాశం?

వాన రాక పైర్లు ఎండిపోయేటప్పుడు చేసేది ఈ పండగ. దాన్ని పండగ అనవచ్చో లేదో కూడా నాకు తెలియదు. ముందు పిల్లలు రోకలికి వేపమండలు చుట్టి, కప్పని కట్టి, ఇల్లిల్లూ తిరుగుతారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి ఆ రోకలి మీద కుమ్మరిస్తారు. తాగడానికే నీళ్లు లేనినాడు కప్ప కోసం బిందె వంచడం! తర్వాత అందరూ తలా ఇంత బియ్యం, బెల్లం వేసుకుని పాశం వండుతారు. ఊరి బయట బండని కడిగి, వేడివేడిగా దాని మీద పోస్తారు. చేతులు వెనక్కి పెట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నాలికతో ఆ పాశం నాకాలి. వానదేవుడు చూడాలని. మాకు చేతులు కూడా లేవు స్వామీ, ఇంక నువ్వే దిక్కు అని చూపించడమని నేననుకుంటాను. పిల్లలుగా మాకదేమీ తెలియదు. పెద్దవాళ్లు గొడ్లలాగా వంగి నాకుతుంటే పడీ పడీ నవ్వాం. బండ వేడి, బెల్లం పాకం, తడిసిన వేపాకు వాసన, ముక్కుకి అంటుకున్న పాశాన్ని మా చిన్నమ్మ తుడిచిన కొంగు. నా చిన్ననాటి రుచులన్నిటిలో ఇంత గట్టిగా గుర్తున్నది ఇంకొకటి లేదు.

ఆ పాశం మళ్లీ తినాలని ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఉందంటే, ఆకాశం మళ్లీ ఎండాలని కోరుకున్నట్టే. ఆ బండ దగ్గర వంగిన మా నాయన వీపు నేను మళ్లీ చూడాలని కోరుకున్నట్టే. లేదంటే అబద్ధం. ఇంట్లో పాలు పోసి, జీడిపప్పు వేసి అదే పాశం వండుకోవచ్చు, ఎవరు కాదన్నారు, కాని అది అది కాదు. కొన్నిటి మీద బెంగ ఉండవచ్చు గాని అవి తిరిగి రాకూడదు. చచ్చిపోయినవాళ్ల మీద పెట్టుకున్న ప్రేమలాంటిది కూడా కాదిది. వాళ్లు తిరిగి వస్తే బాగుండునని అనుకుంటాం. వరదపాశం తిరిగి రాకుండా ఉంటేనే బాగుండును. అలాంటప్పుడు దాన్ని గుర్తుంచుకునేవాళ్లు ఒకరిద్దరుంటే చాలు. మా ఆయనకి ఈ మాట చెబితే, "అయితే నీకు కావాల్సిందేమిటి?" అన్నారు. ప్రతిదానికీ కావాల్సిందేదో తేల్చుకునే మనిషి, ఆయనకి నేనేం చెప్పను.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మా బెంగలు, జీతాలొచ్చే ఇళ్ల బెంగలు. వీటికన్నా బరువైనది ఇంకొకటి చూడాలంటే ఉగాది వెళ్లిన మూడోనాటి సాయంత్రం అనంతపురం బస్టాండుకి వెళ్లాలి. బెంగళూరులో మేడలు కట్టే పనికి వలసపోయినవాళ్లు పండగకి వచ్చి తిరిగి పోతుంటారు. నేలమీదే మూటలు, మూటల మీద పిల్లలు. చెనిక్కాయ పంట పోయిన ఏడు ఈ మూటలు ఎక్కువవుతాయి. ఊళ్లో ముసలివాళ్లనీ, ఒకోసారి బడికి పోయే పిల్లల్నీ విడిచిపెట్టి, తాళం వేసిన ఇంటిని తలుచుకుంటూ ఏడాదంతా రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. వాళ్లకి ఊరి మీద బెంగ వచ్చిందంటే ఫోను చేసి ఎవరినీ రాగిపిండి పంపమనలేరు. ఓలిగలు చేసుకోవడానికి వచ్చి, చేసుకుని, పోతున్నారు.

బస్సు రావడం ఆలస్యమయిందని ఆ రోజు పక్కన కూర్చున్న ఒకావిడతో మాట కలిసింది. ఒళ్లో గుడ్డ చుట్టిన స్టీలు డబ్బా ఉంది. నేను అడక్కుండానే తట్టి చూపించింది.

"ఓలిగలు. ఆడ మా పక్క గుడిసెలో పాలమూరు వాళ్లుండారు, వాళ్లకు రొండు, మేస్త్రీకి రొండు. మిగిలినవి మాకు."

"ఎన్ని రోజులుంటాయమ్మా, గట్టిపడిపోవూ?"

"గట్టిపడ్తాయి" అంది. "పాలల్లో నానేస్తే మెత్తగయితాయి. పాలు లేకుంటే టీలో ఏసుకుంటాం. టీలో గూడా బాగుంటాదక్కా, తిని సూడు ఒకతూరి."